ముందు నువ్వొక సిలువ అల్లు

చెల్లీ,

ఐర్లండ్ బళ్లలో సెయింట్ బ్రిజిడ్ పండుగని (ఆ దేశపు పునీతురాలు బ్రిజిడ్ పేరున ఫిబ్రవరి 1న వచ్చేది) అన్ని సబ్జెక్టుల్లో ఎలా చెప్పాలో రాసి పంపావు కదా, రెండుసార్లు చదివాను. చాలా కష్టపడ్డావు. కానీ ఆరు సిలువల్లో రెండు తీసేస్తే ఎన్ని అన్న లెక్కలో పండుగ లేదమ్మా, సిలువ తీసి మామిడికాయ పెట్టినా ఆ లెక్క మారదు.

ముందు నువ్వే ఆ పండుగకి గడ్డితో అల్లే బ్రిజిడ్ సిలువ ఒకటి అల్లి చూడు. మన తుంగలాంటి గడ్డికాడల్ని ఒక్కొక్కటే మడిచి వేస్తూ ప్రతిసారీ పావు చుట్టు తిప్పుతూ పోతే మధ్యలో చదరం దానంతటదే పడుతుంది, నాలుగు చేతులూ గాలిమరలాగా కాస్త పక్కకి జరిగి నిలబడతాయి. 90 డిగ్రీలు తిప్పితే అదే ఆకారం, అద్దంలో మాత్రం ఎదురు దిక్కుకి తిరిగి ఉంటుంది. లెక్కల పాఠం అదే! అదే కాడ ఒలిస్తే లోపల తెల్లటి బెండు. పాతకాలంలో దాన్ని కొవ్వులో ముంచి దీపంగా వెలిగించుకునేవారు, అంటే సైన్సు చెబుతూ చెబుతూనే చరిత్రలోకి వెళ్లిపోవచ్చు.

చరిత్ర దగ్గర జాగ్రత్త. బ్రిజిడ్ తన పైవస్త్రం కప్పినంత నేల రాజుని అడిగి దాన్ని పరిస్తే అది కిల్డేర్ అనే ఊరి దగ్గరి మైదానమంతా పరుచుకుందని, రాజు ఆ నేలంతా ఇచ్చేశాడని జరిగిన సంగతిలా రాశావు. అది జనం చెప్పుకునే కథ. 'అని చెప్పుకుంటారు' అని మార్చు, ఆ తేడా పిల్లలకి తెలియాలి. కిల్డేర్ అంటే ఐరిష్‌లో ఓక్ చెట్టు గుడి అని అర్థం, ఆ పేరుతో మొదలుపెట్టినా బాగుంటుంది.

ఈ పండుగకి ఐర్లండ్‌లో 2023 నుంచి ప్రభుత్వ సెలవు. ఫిబ్రవరి మొదటి సోమవారం ఇస్తారు, 1వ తేదీ శుక్రవారం పడితే మాత్రం ఆ రోజే. అలా ఏ ఏడు పడుతుందో పిల్లల్నే లెక్కకట్టమను, 2030 అని తేలుతుంది.

ఇంట్లో పెద్దల్ని అడిగి రాసుకురమ్మన్న పేరా నాకు అన్నిటికంటే నచ్చింది, దాన్ని ఎక్కడో చివర్లో పెట్టేశావేంటి? 1937-39లో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ (జానపద కథలూ ఆచారాలూ సేకరించిన సంస్థ) బడిపిల్లల చేత ఇదే పని చేయించింది. దాదాపు 50,000 మంది పిల్లలు తాతల్నీ అమ్మమ్మల్నీ అడిగి నోటుపుస్తకాల్లో రాసుకొచ్చారు, బ్రిజిడ్ పండుగ ముందురాత్రి ఇంటి బయట గుడ్డ ఉంచే ఆచారం లాంటివన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడవి ఆన్‌లైన్లో దొరుకుతాయి, ఒక పదైనా చదువు. ఆ పేరాతోనే మొదలుపెట్టి మళ్లీ రాసి జనవరిలోనే పంపు, టీచర్లు గడ్డి తెచ్చుకోవాలి కదా (కొయ్యకూడదట, చేత్తో పీకాలి).

మీ అక్క