పెట్టె పాతదే, లోపలి ప్లాస్టిక్ కొత్తది: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా నాన్నగారు నేవీలో పాత ఐఎన్ఎస్ ఢిల్లీ మీద పనిచేశారు. అదే తరగతికి చెందిన హెచ్ఎంఎస్ ఏజాక్స్ ఓడ ప్లాస్టిక్ మోడల్ కిట్ (ముక్కలు అంటించి చేసుకునేది), బ్రిటన్ కంపెనీ ఎయిర్‌ఫిక్స్ వాళ్లది, ఆయన పడుచుతనంలో కొనుక్కుని బదిలీల్లో పోగొట్టుకున్నారు. ఆయన పుట్టినరోజుకి ఇవ్వాలని 22 నెలల క్రితం చెన్నైలో పాత కిట్లు సేకరించే ఒక కలెక్టర్ దగ్గర ‘1960ల నాటి ఒరిజినల్’ అంటే 18,500 రూపాయలకు కొన్నాను. పుట్టినరోజు దాకా విప్పలేదు. ఏడు నెలల క్రితం నాన్న విప్పి, ఓడ అడుగుభాగం రెండు ముక్కలూ అంటించాక, డెకాల్స్ (మోడల్ మీద అంటించే గుర్తులు) కాగితం మూలన హార్న్‌బీ అనే పేరు, అంటే 2006లో ఎయిర్‌ఫిక్స్‌ను కొన్న కంపెనీ పేరు, చూశారు. పాత పెట్టెలో ఇప్పటి రీ-ఇష్యూ కిట్, అంటే పాతదాన్నే ఈమధ్య మళ్లీ తయారుచేసింది, పెట్టి అమ్మాడని అర్థమైంది. ఆ రీ-ఇష్యూ రెండు మూడు వేలకు దొరుకుతోంది. అడిగితే ‘డూప్లికేట్ కాదు, కావాలంటే కేసు వేసుకో’ అన్నాడు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి నా ఖాతాలో డబ్బు నాకు తెలియకుండా పోయిందని చెబితే అతని ఖాతా ఫ్రీజ్ అవుతుంది, పరుగెత్తుకొస్తాడు అని ఫ్రెండ్ అంటున్నాడు. నాన్న ఆ రోజు నుంచి ఆ పెట్టె ముట్టుకోలేదు. న్యాయం ఎలా జరుగుతుంది?

జవాబు: మీ ఉత్తరం అసలు ప్రతి నాలుగు పేజీలు. మూడు పేజీలు నాన్నగారి నేవీ రోజులు, అమ్మినతని పొగరు గురించే ఉన్నాయి. వాటితో కేసు తేలదు. తేల్చేది ఒక్కటే: లోపలి ప్లాస్టిక్ కూడా 1960ల నాటిదేనని అతను మీకు రాసి ఇచ్చాడా, లేదా?

ఎందుకంటే ‘డూప్లికేట్ కాదు’ అన్న అతని మాట నిజమే. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1981లో దివాలా తీసింది. దాని స్టీలు అచ్చులు పాలిటాయ్ చేతికి, 1986లో హంబ్రోల్ చేతికి, 2006 నవంబరులో హార్న్‌బీ చేతికి వెళ్లాయి. యజమానులు మారారు, చాలా కిట్లకు అచ్చులు మాత్రం అవే. ఆ పాత అచ్చుల్లోనే మళ్లీ ప్లాస్టిక్ పోసి, పాత పెట్టెల మీది బొమ్మలే ఉన్న కొత్త పెట్టెల్లో 2018 నుంచి వింటేజ్ క్లాసిక్స్ పేరుతో అమ్ముతున్నారు. అంటే మీ చేతికొచ్చింది అసలు బ్రాండు, అసలు అచ్చు. నోటీసులో ‘నకిలీ సరుకు అంటగట్టాడు’ అని రాశారా, అవతలి వకీలు హార్న్‌బీ వెబ్‌సైటు పేజీ ఒక్కటి దాఖలు చేసి మీ నోరు మూయిస్తాడు. ఆ మాట తీసేయండి. మీ ఫిర్యాదు సరుకు నకిలీ అని కాదు, చెప్పిన సరుకు ఇవ్వలేదని. వస్తు విక్రయ చట్టం 1930లో సెక్షన్ 15 చెప్పేది ఇదే: వర్ణన చెప్పి అమ్మితే, సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి.

అయితే ఆ వర్ణన ఏమిటి? మీరు జతచేసిన అతని ప్రకటన నేను రెండుసార్లు చదివాను. ‘1960ల నాటి పెట్టె, ముక్కలన్నీ ఉన్నాయి, ఒరిజినల్ ఎయిర్‌ఫిక్స్.’ మాట మాటా నిజమే! పెట్టె అప్పటిదే, ముక్కలన్నీ ఉన్నాయి, ఎయిర్‌ఫిక్సే. ఈ ప్రకటన ఒక్కటే మీ చేతిలో ఉంటే, కేసు వేయొద్దనే చెప్పేవాణ్ని. మిమ్మల్ని బతికించేది మీరు మూడో పేజీలో ఎక్కడో ఒక మూల రాసిన విషయం. కొనేముందు వాట్సాప్‌లో మీరు ‘లోపలి ప్లాస్టిక్, డెకాల్స్ కూడా అప్పటివేనా?’ అని అడిగారు. అతను ‘లోపలా బయటా అంతా అప్పటిదే సార్’ అని జవాబు రాశాడు. మీ కేసు అంటే ఆ ఒక్క లైను.

ఆ లైను ఉన్న ఫోను మీరు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశారు! బ్యాకప్ కూడా లేదంటున్నారు. కొరియర్ కవరు, రసీదు చెత్తబుట్టలో వేశారు. పద్దెనిమిది వేలు పెట్టి కొన్న పెట్టెను పదిహేను నెలలు బీరువాలో దాచారు. వచ్చిన రోజే మూత తీసి, ఆ డెకాల్స్ కాగితం ఒక్కసారి చూసి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ ఇవ్వాలంటే మీరు చూసుకుని మళ్లీ మూసిపెట్టినా ఇవ్వొచ్చు కదా.

ఆ చాట్ స్క్రీన్‌షాట్‌ను అప్పట్లోనే మీ బావమరిదికి పంపారట. అది దక్కింది. అతని ఫోను మార్చొద్దని, ఆ చాట్ చెరపొద్దని ఈరోజే చెప్పండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లో సెక్షన్ 63(4) ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యం విషయంలో కోర్టుల్లా పట్టుబట్టవు గానీ, లేనందుకు నష్టపోయేకంటే పెట్టడమే మేలు. దాంతోపాటు బావమరిది అఫిడవిట్. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో యూపీఐ చెల్లింపు తేదీ, ఎవరి ఖాతాకో ఉంటుంది, తీసి పెట్టండి.

ఇంకో పని. అతను ఇంకా మీతో మాట్లాడుతున్నాడు కాబట్టి, తిట్లు మాని, మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: ‘ఫలానా తేదీన మీరు లోపలా బయటా అంతా అప్పటిదే అని రాశారు. డెకాల్స్ మీద హార్న్‌బీ పేరు ఉంది. ఏం చేద్దామంటారు?’ అతను ‘నేను అలా అనలేదు’ అనకుండా, ‘నాకూ వేరేవాళ్లు అలాగే అమ్మారు’ అన్నాడంటే మీ పోయిన లైను మళ్లీ దొరికినట్టే.

డెకాల్స్ కాగితం మీద నాన్నగారిని కూడా ఇంకేమీ చేయనివ్వకండి. నీళ్లలో నానబెట్టి అంటించేస్తే ఆ పేరున్న మూల పోతుంది. హార్న్‌బీకి ఎయిర్‌ఫిక్స్ వచ్చిందే 2006 చివర్లో కాబట్టి, ఆ పేరు ముద్రించిన కాగితం 1960ల నాటిది కావడం అసాధ్యం. దీనికి నిపుణుడూ అక్కర్లేదు, ల్యాబూ అక్కర్లేదు. కానీ కాగితం తర్వాత పెట్టి ఉండొచ్చు, ప్లాస్టిక్ పాతదే అని వాదిస్తాడు. అందుకని స్ప్రూలు, అంటే ముక్కలు వేలాడే ఆ ఫ్రేములు, రంగు, ముక్కల నంబర్లు కనిపించేలా ఫొటోలు తీసి, రెండు మూడు వేలకు దొరుకుతున్న రీ-ఇష్యూ కిట్ ఒకటి బిల్లుతో కొని పక్కన పెట్టండి. ఖర్చే, తప్పదు. జోడించే విధానం చెప్పే కాగితం కూడా చూడండి. తొలినాటి ఎయిర్‌ఫిక్స్ కాగితాల్లో ఒక్కో ముక్క పేరూ రాసి వివరించేవారు. తర్వాతి కాలంలో అంతా బొమ్మలు, గుర్తులే.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. తెలిసిన రోజు నుంచి లెక్కించాలని మీరు వాదించొచ్చు, ఆలస్యాన్ని మన్నించమని అర్జీ కూడా పెట్టొచ్చు. కానీ పదిహేను నెలలు పెట్టె విప్పని మనిషి ఆ వాదన మీద ఆధారపడకూడదు. కొన్న తేదీ నుంచే లెక్కేసుకోండి, రెండు నెలలు మిగిలాయి. ఏడు నెలలు మెసేజ్‌ల్లో తగువులాడుతూ పోగొట్టుకున్నారు. లీగల్ నోటీసు ఇస్తే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, జవాబు రాకపోతే వెంటనే దాఖలు చేయండి.

సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే వేయొచ్చు. కాబట్టి చెన్నై వెళ్లక్కర్లేదు, విశాఖ జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేసుకోవచ్చు, మీరే వాదించుకోవచ్చు. చట్టంలో ఒక తమాషా ఉంది. పాత సరుకును కొత్తదని అమ్మడం అన్యాయపు వ్యాపార పద్ధతి అని సెక్షన్ 2(47)లో స్పష్టంగా రాశారు. కొత్తదాన్ని పాతదని అమ్మేవాళ్లుంటారని రాసినవాళ్లకు తట్టినట్టు లేదు. ఫర్వాలేదు, నాణ్యత, రకం, మోడల్ గురించి అబద్ధం చెప్పడం అనే మొదటి క్లాజు కింద పెట్టండి.

అతను చేయబోయే అసలు వాదన వేరు: ‘నేను వ్యాపారిని కాదు, నా సొంత కలెక్షన్‌లోది ఒకటి అమ్మాను.’ అది రుజువైతే కమిషన్‌లో మీ ఫిర్యాదు పోతుంది. అతను క్రమం తప్పకుండా అమ్ముతున్నాడని చూపే పోస్టులు, ధరల జాబితాలు తేదీలతో సహా ఇప్పుడే దాచుకోండి, నోటీసు అందాక అవి మాయమవుతాయి. నిజంగా ఒక్కటే అమ్మి ఉంటే సివిల్ కోర్టు ఉంది, గడువు మూడేళ్లు. కానీ పద్దెనిమిది వేల కోసం ఆ దారి పట్టమని నేను చెప్పను. అలాగే ‘లాభానికి అమ్ముకోవడానికి కొన్నాడు, వినియోగదారుడు కాడు’ అని కూడా అంటాడు. నాన్నగారి కథ పనికొచ్చేది అక్కడ, అదీ ఒక్క వాక్యం: తండ్రికి బహుమతిగా కొన్నాను.

మీ ఫ్రెండ్ సలహా సంగతి. చేయకండి. యూపీఐ పిన్ మీరే కొట్టి, తెలియకుండా డబ్బు పోయిందని 1930కి చెబితే, అది ప్రభుత్వ ఉద్యోగికి తప్పుడు సమాచారం ఇవ్వడం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 217. చెల్లింపుకు ముందు వారం రోజులు బేరమాడిన చాట్ అతని ఫోనులో భద్రంగా ఉంటుంది, మీ ఫోనులో లేకపోయినా. ఈరోజు బాధితులు మీరు, ఆ ఫోన్ కాల్ తర్వాత ముద్దాయి మీరు. కలెక్టర్ల గ్రూపుల్లో అతని పేరు పెట్టి దొంగ అని రాయడం కూడా అంతే, పరువునష్టం కింద మీ మీదకే తిరుగుతుంది.

ఎంత అడగాలి? అడుగుభాగం అంటించేశారు కనుక సరుకు యథాతథంగా తిరిగిచ్చే స్థితిలో లేదు. పూర్తి సొమ్ముకు అడగండి, కనీసం ధరల తేడా అయినా ఇప్పించమని ప్రత్యామ్నాయంగా రాయండి. మానసిక వేదనకు ఐదు లక్షలు అని మాత్రం రాయకండి, మిగతా అడిగిన దాని మీద కూడా నమ్మకం పోతుంది. మధ్యలో అతను రాజీకొస్తే ఒప్పుకోండి. డబ్బు మీ ఖాతాలో పడ్డాకే కిట్ వెనక్కి పంపండి, ఏం పంపుతున్నారో ఫొటోలతో రాసి అతని చేత సంతకం తీసుకోండి. రాజీ కుదరక కిట్ మీ దగ్గరే మిగిలి, ఎప్పుడైనా ఎవరికైనా అమ్మాల్సి వస్తే, ప్రకటనలో ‘పెట్టె పాతది, లోపలిది రీ-ఇష్యూ’ అని రాసి అమ్మండి.