పాఠకుల ప్రశ్నలు: పదెకరాల బక్‌వీట్

ప్రశ్న: అమెరికాలో లిథియం గని వస్తే టీమ్స్ బక్‌వీట్ అనే మొక్క అంతరించిపోతుందంటున్నారు. నారు పోసి ఇంకోచోట నాటితే సరిపోయేదానికి ఇంత గొడవెందుకు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నారు పోయడం కష్టం కాదు. నాటేందుకు తగిన నేల దొరకడమే కష్టం. నెవాడాలోని ఎస్మెరాల్డా కౌంటీలో, రయొలైట్ రిడ్జ్ అనే చోట, అంతా కలిపినా సుమారు 10 ఎకరాల్లోనే ఈ మొక్క ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఒకప్పటి సరస్సు అడుగున పేరుకున్న, బోరాన్, లిథియం దండిగా ఉన్న బంకమట్టి అది. అంత బోరాన్ ఉంటే చాలా మొక్కలకు ఆకుల అంచులు మాడిపోతాయి. ఇది తట్టుకుంటుంది కాబట్టి పక్కన పోటీ తక్కువ. గనివాళ్లకు కావలసిందీ ఆ లిథియం, బోరానే!

పోనీ మట్టినే లారీల్లో తోలదామంటే, తవ్వగానే పొరలు కలిసిపోతాయి, నీరు ఇంకే తీరు మారిపోతుంది. లోతుకు దిగే తల్లివేరు తెగితే ముదురు మొక్క తిరిగి నాటుకోవడం అరుదు. పైగా ఎలుకజాతి జంతువుల బెడద. 2020లో కరవు వేళ 17,000కు పైగా మొక్కలు దెబ్బతిన్నాయి. వేర్లు తవ్వి తిన్నది అవేనని, బహుశా నీటి కోసమేనని, డీఎన్‌ఏ పరీక్షల తర్వాత తేల్చారు. ప్రయోగానికి నాటిన నారుకూ అదే గతి పట్టింది.

2022 డిసెంబరులో దీన్ని అంతరించే ముప్పున్న జాతిగా ప్రకటించి, 910 ఎకరాలను కీలక ఆవాసంగా గుర్తించారు. మొక్కలున్నది పదెకరాలే కదా అంటే, పరాగసంపర్కం చేసే తేనెటీగలు, కందిరీగలు, ఈగలు, పెంకుపురుగులు బతకాలంటే చుట్టూ జాగా ఉండాలి. అయినా 2024 అక్టోబరులో గనికి అనుమతి వచ్చింది. నర్సరీ మొక్కలు బీమా లాంటివే, అసలుకు బదులు కావు.

ప్రశ్న: ఇలాంటి అరుదైన మొక్కల విత్తనాలు ఎలా సేకరించి పెంచుతారు?
– వ్యవసాయ విద్యార్థిని, బాపట్ల

జవాబు: ఏ ఏడాదీ ఆ ఏటి పంటలో పదో వంతుకు మించి తీయకూడదు. వీలైతే 50 తల్లిమొక్కల నుంచి తీసి, ఒక్కోదాని గింజలు వేరు కవర్లో ఉంచాలి. కలిపేస్తే ఏ వంశం ఎంత మిగిలిందో తెలియదు. టీమ్స్ బక్‌వీట్ చెందిన ఎరియోగోనం జాతిలో పువ్వుకు ఒక్కటే గింజ, అందులోనూ తాలు ఉంటాయి. కొన్నింటిని కోసి చూడాలి. తేమ 15 శాతమే ఉన్న పొడి గాలిలో ఆరబెట్టి, గాలి చొరని కవర్లలో మైనస్ 18 డిగ్రీల దగ్గర దాచాలి.

మొలకకు ముందు తడి ఇసుకలో, ఫ్రిజ్ చల్లదనంలో 4 నుంచి 8 వారాలు ఉంచి, పొడవాటి గొట్టం కుండీల్లో వేయాలి. పొట్టి సంచుల్లో తల్లివేరు చుట్టలు తిరుగుతుంది. ఎక్కువమంది చెడగొట్టేది నీళ్లు పోసి పోసి, మొదలు కుళ్లించే. నాటాక, ఎలుకలు తవ్వకుండా, అర అంగుళం కన్నాల ఇనుప జాలీని అడుగు లోతు పాతి, పైనా మూయాలి.

ప్రశ్న: బక్‌వీట్ పిండి అని అమ్మే కుట్టు పిండి ఈ టీమ్స్ బక్‌వీట్‌దేనా? విత్తనాలు తెప్పించుకోవచ్చా?
– గృహిణి, సికింద్రాబాద్

జవాబు: కాదు. కుట్టు మొక్కది ఫాగోపైరం జాతి, దీనిది ఎరియోగోనం. కుటుంబం మాత్రం ఒకటే, మన చుక్కకూరదీ అదే. ఇక విత్తనాలంటారా, ఈ మొక్కలున్నది అమెరికా ప్రభుత్వ భూమి, అక్కడి నుంచి అనుమతి లేకుండా తీయడం నేరం.