హాడన్ హాల్‌లో ఒక్కో భాగం ఒక్కో కాలానిదిలా ఎందుకు ఉంటుంది?

ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోని ఈ రాతి భవంతిని ఒకేసారి కట్టలేదు. 12వ శతాబ్దపు పని ఇంకా చాపెల్‌లో, అంటే ఇంటి ప్రార్థనా మందిరంలో కనిపిస్తుంది. 14వ శతాబ్దంలో వెర్నన్ కుటుంబం రెండు ముంగిళ్ల మధ్య పెద్ద భోజనశాల కట్టించింది. తర్వాత మ్యానర్స్ కుటుంబం 1600 ప్రాంతంలో లాంగ్ గ్యాలరీని తీర్చిదిద్దింది. నాకు బాగా ఇష్టమైన చోటు అదే: పొడవాటి గది, గోడలకు ఓక్ చెక్క, కిటికీల్లో అక్కడక్కడా ఉబ్బెత్తుగా అమర్చిన చిన్న గాజుపలకలు, వాటిమీద ఒక్కోచోట ఒక్కోలా మెరిసే వెలుతురు.

ఇన్ని కాలాలు పక్కపక్కనే మిగలడానికి అసలు కారణం మాత్రం ఇల్లు ఖాళీగా ఉండటమే. 1700 ప్రాంతంలో మ్యానర్స్ కుటుంబం తమ మరో నివాసమైన బీవర్ కోటకు మారిపోయింది. దాదాపు 200 ఏళ్లు ఎవరూ కొత్త ఫ్యాషన్ కోసం దీన్ని కూల్చి కట్టలేదు. 20వ శతాబ్దంలో, తర్వాత 9వ డ్యూక్ ఆఫ్ రట్లండ్ అయిన జాన్ మ్యానర్స్, పాత పని చెడకుండా ఓపికగా బాగుచేయించారు.