వేసవిలో చదివించి ఆన్‌లైన్‌లో మాట్లాడించాలంటే

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. సెలవుల్లో హైస్కూలు పిల్లలచేత పుస్తకం చదివించి ఆన్‌లైన్‌లో చర్చ పెట్టాలనుకుంటున్నానని రాశావు. నువ్వడిగినవాటిలో సగం ఏ యాప్ వాడాలన్న ప్రశ్నలే. అది అన్నిటికంటే చిన్న విషయం, చివర్లో చెప్తాను. చదవనివాడు కూడా ముప్పావుగంట హాయిగా మాట్లాడగలిగేలా చర్చ ఉందనుకో, రెండో వారానికల్లా చదివేవాళ్లూ మానేస్తారు. అందుకని నువ్వు చేసే ప్రతి ఏర్పాటునూ ఒక్కటే అడుగు: ఇది పిల్లవాణ్ణి మళ్లీ పేజీ దగ్గరికి పంపుతుందా, లేదా?

ముందు లెక్క వేసుకో. సెలవులు ఎన్నాళ్లున్నా చదువుకి ఆరు వారాలే పెట్టుకో. మొదటి కొన్ని రోజులు పిల్లలు ఎవరి మాటా వినరు, బడి తెరిచే ముందు వారం పుస్తకాలు, బట్టలు, హడావిడి. ఆ రెండూ వదిలెయ్. మొదటి వారం ఒక చిన్న కథ, తర్వాత నాలుగు వారాలు నవల, చివరి వారం మొత్తం నవల మీద చర్చ. వారానికి చదివే రోజులు ఐదే. మిగతా రెండు రోజులూ వెనకబడినవాళ్లు అందుకోడానికి. రోజుకి పది పేజీల చొప్పున వారానికి యాభై, నాలుగు వారాలకి రెండువందలు. అంతకన్నా పెద్ద నవల ఎంత గొప్పదైనా ఈ వేసవికి వద్దు.

ఆ పది పేజీలన్నది కూడా గుడ్డిగా పెట్టకు. నవల మధ్యలోంచి ఒక పేజీ ఇచ్చి, మామూలుగా చదివే నలుగురిచేత చదివించి టైము చూడు. పేజీకి మూడు నిమిషాలు పడితే రోజుకి అరగంట, ఫరవాలేదు. ఐదు నిమిషాలు పట్టిందంటే దాదాపు గంట అవుతుంది, అది సాగదు. అప్పుడు నవల మార్చు, లేదా కథల సంపుటి తీసుకో. పాఠ్యపుస్తకం బయట తెలుగు చదివే అలవాటు తప్పిన పిల్లలకి మొదట్లో వేగం తక్కువగానే ఉంటుంది. అది తెలివితక్కువతనం కాదు, కళ్లకి అలవాటు లేకపోవడం. గ్రాంథికభాషలో రాసినవీ, మొత్తం ఒక ప్రాంతపు యాసలో నడిచేవీ వద్దనను కానీ, వాటిలో మొదటి ఇరవై పేజీలు నువ్వు గట్టిగా చదివి ఆడియో రికార్డు చేసి పంపాలి. యాస చెవిన పడితే కంటికి లొంగుతుంది.

పుస్తకం నువ్వొక్కదానివే ఎంపిక చెయ్యకు, పిల్లలకే పూర్తిగా వదిలెయ్యనూ వద్దు. మూడు పుస్తకాల మొదటి ఐదేసి పేజీలు చదివించి ఓటు పెట్టు. ఆ మూడూ నువ్వు ఈ నెలలోనే మొదట్నించీ చివరిదాకా మళ్లీ చదివి ఉండాలి. ఎప్పుడో చదివిన జ్ఞాపకం మీద ఆధారపడితే, మధ్యలో పదమూడేళ్ల పిల్లలతో చర్చించడం కష్టమైన సన్నివేశం తగిలి ఇబ్బంది పడతావు. అలాంటిది ఉంటే పుస్తకం మానుకోనక్కర్లేదు, తల్లిదండ్రులకి ముందుగా ఒక మాట చెప్తే చాలు.

ప్రతులు దొరకడం ఇంకో చిక్కు. తలా ఒక ముద్రణ తెచ్చుకుంటారు, నీ 84వ పేజీ ఇంకొకరికి 91 అవుతుంది, ఫోన్లో ఈ-బుక్ చదివేవాళ్లకి అక్షరాల సైజు మారిస్తే పేజీయే మారిపోతుంది. కాబట్టి వారం వాటాలు అధ్యాయాల లెక్కన పంచు, వాక్యం చూపించేటప్పుడు అధ్యాయం, పేరా చెప్పడం మొదటిరోజే నేర్పు. వారం వాటా ఎప్పుడూ అధ్యాయం చివర్లోనే ఆగాలి, నలభై ఐదు పేజీలైనా యాభై ఐదైనా సరే. ఎవరో పంపిన పీడీఎఫ్‌ని గ్రూపులో పడెయ్యకు. రచయిత చనిపోయాక భారతదేశంలో 60 ఏళ్లు, చాలా దేశాల్లో 70 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. అనువాదమైతే అనువాదకుడి హక్కు వేరే. హక్కు తీరిన పుస్తకాన్ని స్కాన్ చేసి పంపేటప్పుడు కూడా ఒక ఫొటోలో ఒకే పేజీ ఉండాలి. రెండు పేజీలు కలిపి తీసినది చిన్న తెరమీద అటూ ఇటూ జరుపుకుంటూ చదవలేక పిల్లలు వదిలేస్తారు.

ఇక గుంపు. ఎనిమిది నుంచి పన్నెండు మంది. ఐదుగురే ఉంటే ఇద్దరు రానిరోజు చర్చ చచ్చిపోతుంది, పదిహేనుమంది అయితే సగంమంది ప్రేక్షకులు. ఎక్కువమంది చేరితే రెండు జట్లు చెయ్యి.

మాట్లాడే ముందు రాయించు. దీన్ని మాత్రం సడలించకు. వారం వాటా పూర్తయ్యాక ప్రతివాళ్లూ పుస్తకంలోంచి ఒక వాక్యం ఉన్నదున్నట్టు ఎత్తిరాసి, అక్కడ ఎందుకు ఆగారో మూడు నాలుగు వాక్యాల్లో రాయాలి. అంతే. పేజీ నిండా రాయమంటే అతికించిన వ్యాసాలు వస్తాయి. ఇవి నేరుగా గ్రూపులో పెట్టించకు. మొదట రాసినవాళ్ల మాటనే తర్వాతివాళ్లు కాస్త తిప్పి రాస్తారు. కొంత బద్ధకం, ఎక్కువ భయం. గూగుల్ ఫారంలో తీసుకుని, చర్చకి ముందురోజు అన్నీ ఒకేసారి అందరికీ విడుదల చెయ్యి. అప్పుడు ప్రతి పిల్లా ఇంకో ఇద్దరి మాటలకి జవాబు రాయాలి. "బాగుంది", "నేనూ అంతే" అన్నవి లెక్కలోకి రావు. ఒప్పుకున్నా, కాదన్నా ఇంకో వాక్యం చూపించాలి. తెలుగు టైపింగు రానివాళ్లు నోటుబుక్కులో రాసి ఫొటో పంపనీ. అక్షరదోషాలు దిద్దడానికి ఇది చోటు కాదు, దిద్దావంటే మరుసటి వారం రెండు వాక్యాలకి మించి రాయరు.

ప్రశ్నల దగ్గర నీ సమయమంతా పెట్టు. "ఈ కథలో నీతి ఏమిటి?", "నీకు నచ్చిన పాత్ర ఏది?" అన్నవి ఎవరైనా చదవకుండానే చెప్పేస్తారు. "నాయకుడి స్వభావం వివరించండి" అంటే పరీక్ష వాసన వస్తుంది. నవలలో ఒకమ్మాయి తండ్రి ఉత్తరం అందుకుని, చదవకుండా మడిచి పెట్టెలో దాచిందనుకో. "చింపెయ్యచ్చు, తిప్పి పంపచ్చు, ఎందుకు దాచింది? అంతకుముందు అధ్యాయాల్లో దీనికి ఆధారం ఎక్కడుంది?" అని అడుగు. మంచి ప్రశ్నకి కనీసం రెండు జవాబులుండాలి, ఆ రెంటికీ పుస్తకంలో వాక్యాలు దొరకాలి. నీకు ఖాయంగా తెలిసిన జవాబున్న ప్రశ్న అడగకు, నీ మొహం చూసి పిల్లలు ఊహించేస్తారు. నువ్వు తయారుచేసిన ప్రశ్నని నవల సారాంశం మాత్రమే చదివినవాళ్ల కళ్లతో ఒకసారి చూడు. జవాబు చెప్పగలిగితే ప్రశ్న మార్చు. ఏఐతో రాయించుకొచ్చే బెడదకి కూడా నాకు తెలిసిన మందు ఇదే. వాక్యం, అధ్యాయం, పేరా చూపించమన్నప్పుడు ఏఐ చాలాసార్లు పుస్తకంలో లేని వాక్యాలు కల్పించి ఇస్తుంది, పుస్తకం తెరిస్తే నిమిషంలో తేలిపోతుంది. అలా దొరికినవాణ్ణి అందరిముందూ నిలదీయకు. "ఆ పేరా మాకోసం చదువు నాన్నా" అంటే చాలు.

ఒక సమావేశానికి మూడు ప్రశ్నలు సిద్ధంగా ఉంచుకో, రెండే పూర్తవుతాయి. వీడియోలో జరిగే చర్చ నలభై నిమిషాలు దాటకూడదు. ఉచిత జూమ్ ఎలాగూ 40 నిమిషాలకి ఆగిపోతుంది, ఉచిత గూగుల్ మీట్ ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటే గంట. మొదటి ఐదు నిమిషాలు ఎవరో ఒకరిచేత ఒక పేరా పైకి చదివించు. వెనకబడినవాళ్లకి అక్కడైనా పట్టు దొరుకుతుంది. తర్వాత ముగ్గురేసి చొప్పున విడదీసి ఏడెనిమిది నిమిషాలు ఒకే ప్రశ్న మీద మాట్లాడనీ. పదిమంది ముందు నోరు విప్పని పిల్ల ఇద్దరి ముందు మాట్లాడుతుంది. మిగిలిన సమయం అందరూ కలిసి.

ప్రశ్న అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టు. ఆన్‌లైన్‌లో మాట చేరడానికి, మ్యూట్ తియ్యడానికి, ఇంకెవరైనా మొదలెడతారేమోనని చూడటానికి సమయం పడుతుంది. ఆ నిశ్శబ్దం భరించలేక నువ్వే జవాబు చెప్తే, కాసేపు ఊరుకుంటే మేడమే చెప్తారని వాళ్లు నేర్చుకుంటారు. ఎక్కువ మాట్లాడే ఇద్దరు ప్రతి గుంపులోనూ ఉంటారు. ఒకసారి మాట్లాడాక, ఇద్దరు వేరేవాళ్లు మాట్లాడితేగానీ మళ్లీ మాట్లాడకూడదని పెట్టు, నీకూ అదే నియమం. కెమెరా ఆన్ చెయ్యమని బలవంతపెట్టకు, అందరి ఇళ్లలోనూ విడిగా గది ఉండదు. చాట్‌లో టైపు చేసిన జవాబుని పేరుతోసహా పైకి చదువు.

మూడో వారంలో జారిపోతారు, అది ప్రతి గుంపులోనూ జరిగేదే. రానివాళ్లని ఎందుకు చదవలేదని అడగకు. తోటి పిల్లచేత జరిగిన కథ ఐదు వాక్యాల్లో రాయించి పంపి, ఈ వారం అధ్యాయం నుంచి అందుకోమను. పుస్తకం బొత్తిగా నచ్చనివాళ్లు మానేయచ్చు, కానీ ఏ పేజీలో, ఏ వాక్యం దగ్గర విసుగొచ్చిందో రాసివ్వాలి. వాటిమీద నడిచే చర్చ చాలాసార్లు మెచ్చుకోళ్ల కన్నా బాగుంటుంది. మార్కులు, సర్టిఫికెట్లు పెట్టకు. పెడితే అవి తెచ్చుకోడానికి ఎంత కావాలో అంతే చదువుతారు.

చివరగా యాప్. రాతకి ఒకటి, మాటకి ఒకటి చాలు. బడికి ఇప్పటికే గూగుల్ క్లాస్‌రూమ్ ఉంటే అదే వాడు. వాట్సాప్ గ్రూపు తేలికే కానీ అందులో ప్రతి పిల్ల నంబరూ అందరికీ కనిపిస్తుంది, పైగా అది 13 ఏళ్లు నిండినవాళ్లకే. తప్పకపోతే తల్లిదండ్రుల నంబర్లతో పెట్టి, సమాచారం వరకే వాడు. గుంపులో నువ్వు కాక ఇంకో పెద్దమనిషి తప్పనిసరిగా ఉండాలి. పిల్లలతో విడిగా సందేశాలు వద్దు, ఏదైనా అడగాలంటే గుంపులోనో, తల్లిదండ్రుల ద్వారానో. మీటింగు లింకు బయట ఎక్కడా పెట్టకు, నువ్వు అనుమతిస్తేనే లోపలికి వచ్చేలా చూసుకో. చర్చ రికార్డు చెయ్యకు. రికార్డవుతోందని తెలిస్తే తప్పు మాట్లాడటానికి జంకుతారు, తప్పు మాట్లాడే వీలు లేనిచోట సాహిత్యం మీద చర్చ నడవదు. ఆఖరి సమావేశం అయిన వారానికి గ్రూపు మూసెయ్యి, లేకపోతే శుభోదయం బొమ్మలతో నిండిపోతుంది.

మొదటి వారం కథ ఏదో తేల్చుకుని, దానికి రాసుకున్న మూడు ప్రశ్నలూ నాకు పంపు. చూసి చెప్తాను.

ఇట్లు
మీ మాస్టారు