పీఎస్5లో ఫైనల్ ఫాంటసీ 14: మొదటి వారం ఇబ్బందులు, వాటికి కారణాలు, సర్దుకునే పద్ధతి

పీఎస్5 (ప్లేస్టేషన్ 5)లో ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్ గురించి మీరడిగిన ప్రశ్నలో మూడు ఇబ్బందులున్నాయి. సోఫాలో కూర్చుంటే టీవీలో అక్షరాలు ఆనడం లేదు. స్కిల్ కొట్టిన ప్రతిసారీ క్యారెక్టర్ ఆగిపోతోంది. శత్రువు దాడి పడే చోటుని చూపిస్తూ నేల మీద వచ్చే నారింజ రంగు వలయం నుంచి బయటికొచ్చేసినా దెబ్బ తగులుతోంది. దాంతో "ఇది అసలు పీసీ గేమేనా, కన్సోల్‌కి ఏదోలా అతికించారా?" అని అడిగారు.

కాదండి. 2013 ఆగస్టులో ఈ గేమ్‌ని మళ్లీ కట్టి విడుదల చేసినప్పుడే పీసీతో పాటు పీఎస్3లోనూ వచ్చింది. పీఎస్4కి 2014లో, పీఎస్5కి 2021లో, ఎక్స్‌బాక్స్‌కి 2024లో వచ్చింది. ప్యాడ్‌తో (కంట్రోలర్‌తో) ఆడే పద్ధతి మొదటి నుంచీ ఉన్నదే. పీసీ ఉన్నవాళ్లలో కూడా ప్యాడ్‌నే ఎంచుకునేవాళ్లు బోలెడంత మంది. మీ మొదటి రెండు ఇబ్బందులు సెట్టింగ్స్‌తో పోతాయి. మూడోది మాత్రం అర్థం చేసుకుని అలవాటు చేసుకోవాల్సిందే.

అక్షరాల సంగతి ముందు. 4కే టీవీలో యూఐ (తెర మీద కనిపించే అక్షరాలు, మెనూలు, గుర్తులు) సైజు 100 శాతం దగ్గరే ఉంటే అన్నీ చీమల్లా కనిపిస్తాయి. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో హై రిజల్యూషన్ యూఐ సెట్టింగ్‌ని 150కి గానీ 200కి గానీ మార్చండి. తర్వాత హెచ్‌యూడీ లేఅవుట్ (తెర మీద ఏది ఎక్కడ కనిపించాలో సర్దే మెనూ)లోకి వెళ్లి ఒక్కో భాగం సైజు విడిగా సర్దుకోండి. అన్నిటినీ పెంచితే స్క్రీన్ నిండిపోయి ఆట కనిపించదు. ముందు పెంచాల్సింది శత్రువు క్యాస్ట్ బార్, అంటే శత్రువు దాడికి సిద్ధమవుతుంటే నిండుతూ పోయే గీత. టార్గెట్ సమాచారాన్ని విడివిడి ముక్కలుగా చూపించే ఆప్షన్ ఆన్ చేస్తే క్యాస్ట్ బార్ ఒక్కటే విడిగా వస్తుంది. దాన్ని క్యారెక్టర్ తలకి కాస్త పైన పెట్టండి. ఎందుకో మూడో ఇబ్బంది దగ్గర తెలుస్తుంది. జనం ఎక్కువున్న చోట ఫ్రేమ్స్ పడిపోయి ఆట కుదుపుగా నడుస్తుంటే రిజల్యూషన్‌ని 4కే నుంచి 1440పీకి దించండి. టీవీ దూరంగా ఉంటే ఆ తేడా కంటికి పెద్దగా ఆనదు.

ఇక క్రాస్ హాట్‌బార్, అంటే ప్యాడ్ బటన్ల మీద స్కిల్స్ పెట్టుకునే వరుస. ఎల్2 పట్టుకుంటే 8 స్లాట్లు, ఆర్2 పట్టుకుంటే 8, మొత్తం ఒక సెట్‌లో 16. ఆ ఎనిమిదిలో నాలుగు డీ-ప్యాడ్ (ఎడమవైపు నాలుగు దిక్కుల బటన్) మీద, నాలుగు కుడివైపు బటన్ల మీద ఉంటాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది: డీ-ప్యాడ్ నొక్కాలంటే ఎడమ బొటనవేలు స్టిక్ వదలాలి. స్టిక్ వదిలితే క్యారెక్టర్ నిలబడిపోతుంది. గేమ్ కొత్త స్కిల్స్‌ని ఖాళీ స్లాట్లలో తనంతట తాను పడేస్తూ పోతుంది గనుక మీరు తరచూ కొట్టేవి డీ-ప్యాడ్ మీద పడి ఉంటాయి.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. పరుగెత్తుతూ కొట్టాల్సినవన్నీ కుడివైపు బటన్ల మీదికి రావాలి. అలాంటి చోట్లు 8 ఉన్నాయి, ఆర్2తో నాలుగు, ఎల్2తో నాలుగు. కత్తి, డాలుతో పోరాడే గ్లాడియేటర్ అయితే ఆర్2 వైపు చతురస్రం మీద ఫాస్ట్ బ్లేడ్, త్రిభుజం మీద రయట్ బ్లేడ్, వృత్తం మీద రేజ్ ఆఫ్ హలోన్, క్రాస్ మీద టోటల్ ఎక్లిప్స్ పెట్టండి. కాంబో వరుస వేలికి వరుసగా తగులుతుంది. ఎల్2 వైపు రాంపార్ట్, ప్రొవోక్, షీల్డ్ లాబ్, స్ప్రింట్. ఒకసారి వేస్తే ఉండిపోయే ఐరన్ విల్, పోరాటం లేనప్పుడు వాడే టెలిపోర్ట్, రిటర్న్, గుర్రం బదులు ఎక్కే చొకోబో లాంటివి డీ-ప్యాడ్ మీద ఉన్నా నష్టం లేదు. ఎల్2, ఆర్2 కలిపి పట్టుకుంటే వచ్చే అదనపు స్లాట్లు, రెండుసార్లు టపటపా నొక్కితే వచ్చేవి లెవెల్ 50 దాకా అవసరమే రావు. ఇప్పుడే ఆన్ చేసుకుని తికమక పడకండి.

దీనితో పాటు క్యారెక్టర్ కాన్ఫిగరేషన్‌లో మూవ్‌మెంట్‌ని స్టాండర్డ్ నుంచి లెగసీకి మార్చండి. స్టిక్ ఎటు తోస్తే అటు తిరిగి పరుగెడుతుంది, వెనక్కి నడిచే నత్తనడక ఉండదు. టార్గెట్ ఎంచుకోవడానికి, ఎల్2, ఆర్2 పట్టుకోకుండా డీ-ప్యాడ్ కుడి, ఎడమలు నొక్కితే శత్రువుల మీద తిరుగుతుంది, పైకి, కిందికి నొక్కితే పార్టీ (మీ జట్టు) జాబితాలో తిరుగుతుంది. జట్టు గాయాలు మాన్పే హీలర్‌గా ఆడేవాళ్లకి ఈ రెండోది ప్రాణం. చాట్ కోసం మామూలు యూఎస్‌బీ కీబోర్డ్ తగిలిస్తే చాలు.

ఇప్పుడు వలయం. ఈ గేమ్‌లో దెబ్బ ఎవరికి తగలాలన్నది పేలుడు కనిపించినప్పుడు తేలదు. శత్రువు క్యాస్ట్ బార్ నిండి నారింజ గుర్తు మాయమయ్యే క్షణంలో సర్వర్ లెక్కలో మీరెక్కడున్నారో, అదే ఖాయం. పేలుడు బొమ్మ ఆ తర్వాత నింపాదిగా వస్తుంది. పైగా మీరు స్టిక్ తోసిన కదలిక సర్వర్‌కి చేరడానికి కొంత టైం పడుతుంది. ఈ గేమ్‌కి ఇండియాలో డేటా సెంటర్ లేదు. జపాన్, యూరప్, ఉత్తర అమెరికా, ఓషియానియాల్లోనే ఉన్నాయి. 200 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటే, మీ టీవీలో మీరు గీత దాటేసినా సర్వర్ కంటికి ఇంకా లోపలే ఉంటారు. అందుకే బార్ ముప్పావు నిండేసరికే మీరు బయట ఉండాలి. ఇందులో లాభమూ ఉంది. గుర్తు మాయమైందంటే మంటలు లేస్తున్నా నేరుగా లోపలికి నడిచి కొట్టేయొచ్చు.

మీ ఊరి నుంచి ఏ డేటా సెంటర్ నయమో తెలుసుకోవడానికి రెండు చోట్ల క్యారెక్టర్లు చేసి స్ప్రింట్ నొక్కి చూడండి. బటన్ నొక్కాక ఐకాన్ వెలగడానికి పట్టే టైమే మీకు కొలత. రాత్రి మీరు ఆడే వేళలోనే పరీక్షించండి. వైఫై బదులు లాన్ కేబుల్ వేయండి. నిలకడగా ఉన్న 200కి చేయి అలవాటు పడుతుంది, ఒకసారి 120, ఒకసారి 400 వచ్చేదానికి ఎవరూ అలవాటు పడలేరు.

ఆలస్యం ఎక్కువగా ఉంటే నింజా అనే పాత్ర రకం జోలికి ఇప్పుడే వెళ్లకండి. వేళ్ల ముద్రలు వరుసగా వేగంగా పడాలి, సర్వర్ జవాబు కోసం ఆగుతూ పోతే చిరాకొస్తుంది. మంత్రాలు వేసే ఆర్కనిస్ట్‌తో మొదలుపెట్టి లెవెల్ 30కి సమ్మనర్ అవడం హాయి. లెవెల్ 15కి కొత్తవాళ్లకి శిక్షణ ఇచ్చే హాల్ ఆఫ్ ద నోవిస్ పూర్తి చేసి అక్కడిచ్చే ఉంగరం పెట్టుకోండి, లెవెల్ 30 వరకు లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు 30 శాతం అదనంగా వస్తాయి. అదే లెవెల్‌లో తగిలే మొదటి డంజన్ (జట్టుగా శత్రువులతో పోరాడే ప్రదేశం) సస్టాషాకి నలుగురు కావాలి. కొత్తవాళ్లతో వెళ్లడానికి జంకు ఉంటే డ్యూటీ సపోర్ట్‌లో గేమ్ పాత్రలతోనే ఆడొచ్చు.

డబ్బు విషయానికొస్తే తొందరపడకండి. ఫ్రీ ట్రయల్‌కి గడువు లేదు, లెవెల్ 70 వరకు, హెవెన్స్‌వర్డ్, స్టార్మ్‌బ్లడ్ అనే రెండు ఎక్స్‌పాన్షన్లూ (తర్వాత వచ్చిన అదనపు భాగాలు) కలిపి ఆడొచ్చు. పీఎస్ ప్లస్ కూడా అక్కర్లేదు. కానీ ట్రయల్‌లో ఆటగాళ్లు సరుకులు అమ్ముకునే మార్కెట్ బోర్డ్ ఉండదు, ఫ్రీ కంపెనీలో (ఆటగాళ్ల సంఘంలో) చేరలేరు, గిల్ (గేమ్‌లోని డబ్బు) 3 లక్షలు దాటదు. ఒకసారి ఆ అకౌంట్ మీద పూర్తి గేమ్ కొంటే మళ్లీ ట్రయల్‌కి వెనక్కి రాలేరు, నెలనెలా చందా కట్టాల్సిందే. కొనేటప్పుడు ఇంకొకటి చూసుకోండి: పీఎస్ లైసెన్స్, పీసీ లైసెన్స్ వేర్వేరు. క్యారెక్టర్ సర్వర్‌లో ఉంటుంది గనుక రెండు చోట్లా అదే కనిపిస్తుంది గానీ, ఎక్స్‌పాన్షన్ మాత్రం ఆడే ప్రతి ప్లాట్‌ఫామ్‌కీ విడిగా కొనాలి.