శక్తి బృందం మీద వచ్చే విమర్శలు ఎంతవరకు నిజం? ఏ రికార్డుతో మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. జాన్ మెక్‌లాఫ్లిన్ అనే జాజ్ గిటారిస్టు మన శాస్త్రీయ సంగీత కళాకారులతో కలిసి కట్టిన శక్తి బృందానికి 2024లో గ్రామీ వచ్చింది. అయినా కొందరు విమర్శకులు అందులో వేగం తప్ప ఏమీ లేదంటున్నారు, ఇంకొందరు అది జాజే కాదంటున్నారు. వాళ్ళ మాట ఎంతవరకు నమ్మాలి, ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? మీరు తబలా నేర్చుకుంటున్నానని కూడా రాశారు కాబట్టి లయ గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

మాది పాలకొల్లు, మాండలిన్ శ్రీనివాస్ గారి ఊరు. ఆ అభిమానం నాకుంది, దాన్ని దాచను. కానీ ఆయన శక్తిలో చేరకముందు రికార్డుల్నీ, ఆయన పోయాక వచ్చినదాన్నీ కూడా అంతే శ్రద్ధగా వింటూ వస్తున్నాను.

జాజ్ వైపు నుంచి రాసేవాళ్ళు శక్తిలో కార్డ్‌లు, అంటే కలిపి వాయించే స్వరాల గుంపులు, మారడం కోసం వెతుకుతారు. కింద ఒకే శ్రుతి నడుస్తూ ఉంటుంది కాబట్టి వాళ్ళకి అది దొరకదు. మనవైపు వాళ్ళు రాగ విస్తారం కోసం, అంటే రాగాన్ని తీరిగ్గా విప్పి చూపడం కోసం, వెతుకుతారు. గిటార్ పక్కనుంటే అదీ కావలసినంత దొరకదు. ఇద్దరూ చెప్పేది అబద్ధం కాదు. అయితే ఈ బృందం అసలు బలం ఒకరు అన్న మాటకి ఇంకొకరు అప్పటికప్పుడు ఇచ్చే జవాబులో ఉంది. దాన్ని పట్టించుకుని రాసిన రివ్యూలు నేను చదివినవాటిలో తక్కువ.

మొదట్లో ఏం జరిగిందో చూడండి. జాన్ మెక్‌లాఫ్లిన్ అప్పటికే జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ దగ్గర వాయించి, తన బృందం మహావిష్ణు ఆర్కెస్ట్రాతో చెవులు దద్దరిల్లే ఎలక్ట్రిక్ సంగీతం చేసి పేరు తెచ్చుకున్నాడు. అలాంటివాడు 1975లో చేతిలో అకూస్టిక్ గిటార్ పట్టుకుని ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం, ఆర్. రాఘవన్ మృదంగం మధ్య వచ్చి కూర్చున్నాడు. మొదటి ఆల్బమ్ ఆ జులైలో లాంగ్ ఐలాండ్‌లోని సౌతాంప్టన్ కాలేజీ కచేరీలో రికార్డయింది. పాత అభిమానుల్లో చాలామంది అతని వెంట రాలేదు. రికార్డులూ అంతగా అమ్ముడుపోలేదు. మూడు ఆల్బమ్‌లు చేసి 1978లో బృందం ఆగిపోయింది. ఇవాళ దారి చూపించాయని రాసేది ఆ రికార్డుల గురించే. మూడోదైన 'నేచురల్ ఎలిమెంట్స్' మాత్రం నాకు ఇప్పటికీ రుచించదు. అన్నీ చిన్న చిన్న పాటలు, ఎవరికీ మాట పూర్తి చేసే తీరిక ఉండదు.

గిటార్ సంగతి ఒకటి చెప్పాలి. మెక్‌లాఫ్లిన్ తన గిటార్ మెట్ల (ఫ్రెట్స్) మధ్య చెక్కని లోపలికి గుంటలుగా చెక్కించుకున్నాడు. దాంతో తీగని నొక్కి, లాగి గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చే మన పద్ధతి, పలికించొచ్చు. అసలు తీగలకి అడ్డంగా శ్రుతి కోసం ఇంకో ఏడు తీగలు కట్టించాడు. ఏదో సరదాకి మన సంగీతం వైపు వచ్చినవాడు వాయిద్యాన్ని ఇంతలా మార్పించుకోడు.

ఇక వేగం. మా వీధిలో డోలు వాయించే పెద్దాయన ఒకరున్నారు, నేను మావయ్యా అని పిలుస్తాను. పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక ఒక సాయంత్రం వాళ్ళ అరుగు మీద కూర్చుని మొదటి ఆల్బమ్‌లోని 'జాయ్' వినిపించాను. పద్దెనిమిది నిమిషాల పాట అది. ఆయన కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తూ విన్నారు. గిటార్, వయొలిన్ ఒకదానికొకటి జవాబులు చెప్పుకునే చోట నేను "ఇక్కడ స్పీడ్ పెంచేశారు చూడండి మావయ్యా" అన్నాను. ఆయన తాళం ఆపకుండా చెయ్యి నాకేసి చూపించి, "పెరగలేదురా అబ్బాయ్, నా చెయ్యి చూడు. కాలప్రమాణం అక్కడే ఉంది. మాటలు పొట్టి చేసుకుంటా పోతున్నారంతే" అన్నారు. కాలప్రమాణం అంటే తాళం నడిచే వేగం.

వేగం గురించి రాసే చాలామంది చెవికి అందనిది అదే. ముందు ఒకరు నిండా ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) వాయిస్తే రెండోవాళ్ళు అంతే జవాబిస్తారు. తరవాత అర ఆవర్తం, పావు, చివరికి రెండేసి అక్షరాలు. అప్పుడు ఇద్దరూ కలిసి ముక్తాయింపులోకి, అంటే ముగింపు వరసలోకి, దూకుతారు. మన కచేరీల్లో తని ఆవర్తనంలో, అంటే లయ వాయిద్యాలు మాత్రమే వాయించే ఘట్టంలో, మృదంగం, ఘటం చేసేది ఇదే. మీరు తబలా క్లాసులో సవాల్ జవాబ్ అని వినే ఉంటారు. తెలియనివాళ్ళకి అది పరుగులా వినిపిస్తుంది. అయితే ఆ ఫిర్యాదు ఊరికే పుట్టిందని నేననను. అదే ఆల్బమ్‌లో అరగంటకి దగ్గరగా ఉండే ఆఖరి పాటలో గిటార్, వయొలిన్ చెప్పుకున్నదే చెప్పుకున్న చోట్లున్నాయి. అక్కడ విమర్శకులతో నాకూ పేచీ లేదు.

మావయ్యకి నచ్చనిది వేరే. పాట అవగానే "అంతా బానే ఉంది గానీ రాగం ఏదిరా? ఊపిరి పీల్చుకోకుండా స్వరాల్లోకి పోతే ఎలా?" అని అడిగారు. సన్నాయి పక్కన కూర్చుని రాత్రంతా రాగం విన్న మనిషి అలా అడగడం న్యాయమే. దానికి జవాబు 1970లలో దొరకదు, తరవాత ఆ బృందం 'రిమెంబర్ శక్తి' పేరుతో మళ్ళీ కూడినప్పుడు కొంత దొరుకుతుంది. 1997లో హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో మొదలైన ఆ కచేరీల రికార్డు 1999లో వచ్చింది. అది నిదానంగా, తీరిగ్గా సాగుతుంది. పాత జోరు ఏదని అడిగినవాళ్ళూ ఉన్నారు. అదే బృందాన్ని ఒకప్పుడు వేగం ఎక్కువని, ఇంకొకప్పుడు చాలలేదని అనడం చూస్తే నాకు బాధేస్తుంది.

ఆ తరవాతే శ్రీనివాస్ గారు వచ్చారు. వాళ్ళ నాన్నగారు క్లారినెట్ వాయించేవారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు అది విని వాయించేవాడు. అందుకే ఆ మాండలిన్ గొంతులా నడుస్తుంది. మెట్ల వాయిద్యం మీద, అందులోనూ నాదం టక్కున ఆగిపోయే మాండలిన్ మీద, గమకం ఎలా పలుకుతుందని మొదట్లో మనవాళ్ళే అన్నారు. ఆయన జంట తీగలు తీసేసి, ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ చేయించుకుని జవాబు చెప్పారు. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించేనాటికి ఆయన వయసు పద్నాలుగేళ్ళు. అంటే జాజ్ శ్రోతలు ఆయన్ని రిమెంబర్ శక్తికి చాలా ముందే విన్నారు.

2000లో వచ్చిన లైవ్ ఆల్బమ్ 'ది బిలీవర్' శ్రీనివాస్ గారున్న ఆ జట్టుదే. అందులో కంజీర వాయించే సెల్వగణేశ్, పాత బృందంలో ఘటం వాయించిన విక్కు గారి అబ్బాయి. నా మాట అడిగితే మొత్తం మీద ఇదే వీళ్ళ గొప్ప రికార్డు. లోపం లేదనను. మెక్‌లాఫ్లిన్ ఇందులో ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు, పక్కన ఎలక్ట్రిక్ మాండలిన్. రెండు నాదాలూ దగ్గర దగ్గరగా ఉండి, హెడ్‌ఫోన్స్ లేకపోతే ఎవరు ఎవరో కొన్నిచోట్ల తేలదు. పాతకాలపు వయొలిన్‌తో ఈ ఇబ్బంది ఉండేది కాదు. తరవాతి లైవ్ ఆల్బమ్ 'సాటర్డే నైట్ ఇన్ బాంబే'లో అతిథులు ఎక్కువై కచేరీ కాస్త చెదిరింది. శంకర్ మహదేవన్ పాడిన 'గిరిరాజ సుధ' కోసం మాత్రం అది వినాల్సిందే. త్యాగరాజస్వామి వినాయకుడి మీద చేసిన బంగాళ రాగ కీర్తన ఆధారంగా కట్టింది అది.

గ్రామీ వచ్చిన 'దిస్ మొమెంట్' 2023లో విడుదలైంది. శంకర్ మహదేవన్, వయొలిన్‌కి గణేశ్ రాజగోపాలన్, పాతవాళ్ళలో మెక్‌లాఫ్లిన్, జాకిర్, సెల్వగణేశ్. ఆ అవార్డు కూడా జాజ్ విభాగంలో ఇవ్వలేదు, గ్లోబల్ మ్యూజిక్ ఆల్బమ్‌గా ఇచ్చారు. కాబట్టి జాజా కాదా అన్న గొడవ పెట్టుకుని మీరు టెన్షన్ పడక్కర్లేదు. మెచ్చుకున్నవాళ్ళు రాసినట్టే ఇది నున్నగా, అందంగా ఉంది. తొలి పాట 'శ్రీనిస్ డ్రీమ్' శ్రీనివాస్ గారిని తలుచుకుని చేసింది. అది విన్నప్పుడు మా ఊరివాళ్ళకి ఎలా ఉంటుందో చెప్పలేను. కానీ ఎవరి చోట వాళ్ళు రికార్డు చేసి పంపుకున్న ఆల్బమ్ ఇది. గొంతు మీద గొంతు పొరలు పొరలుగా పేర్చారు. ఎదుటివాడి మొహం చూసి అప్పుడు పుట్టే జవాబు ఇందులో తక్కువ. మొదటిసారి వినేవాళ్ళు దీనితో మొదలుపెట్టొద్దనే నేను చెబుతాను. 2014లో శ్రీనివాస్ గారు, 2024 డిసెంబరులో జాకిర్ గారు వెళ్ళిపోయారు కాబట్టి ఆ జట్టుని మనం వినగలిగేది ఇక లైవ్ రికార్డుల్లోనే.

మీకైతే ఒకే పాట రెండు చోట్ల వినమంటాను. 'లోటస్ ఫీట్' అని, నెమ్మదైన చిన్న పాట. 1975 కచేరీలో అకూస్టిక్ గిటార్, వయొలిన్‌తో ఉంది, 'ది బిలీవర్'లో మాండలిన్‌తో ఉంది. అందులో వేగం గోల లేదు కాబట్టి తబలా ఎక్కడ మౌనంగా ఉంటుందో, ఎక్కడ ఒక్క దెబ్బతో సరిపెడుతుందో బాగా తెలుస్తుంది. తరవాత 'జాయ్' పెట్టి మొదటి నుంచి చివరిదాకా చేత్తో తాళం వెయ్యండి. మధ్యలో తప్పితే వెనక్కి తిప్పి మళ్ళీ అందుకోండి. రివ్యూలు ఆ తరవాత చదవండి.