రెండు కంపెనీల వీధి దీపాలు ఒకే తెర మీదికి రావాలంటే

మీ ఊళ్లో మొదటి విడత వీధి దీపాలు ఒక కంపెనీవి, రెండో విడతవి మరో కంపెనీవి; రెండూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో కనిపించడం లేదు, ఏం చేయాలని అడిగారు. తప్పు దీపాలది కాదు, టెండరు పత్రానిది. ‘స్మార్ట్ దీపాలు’ (దూరం నుంచే సాఫ్ట్‌వేర్‌తో నియంత్రించేవి) అని రాసి ఊరుకుంటే ఎవరి పద్ధతి వారు అంటగడతారు.

ముందు దీపం నెత్తిన ఉన్న సాకెట్ చూడండి. అది ఏఎన్ఎస్ఐ సి136.41 అనే అమెరికా ప్రమాణం ప్రకారం చేసిన ఏడు పిన్నులదైతే అదృష్టమే. పాత కంట్రోలర్‌ను (దీపాన్ని నియంత్రించే పరికరాన్ని) తిప్పి ఊడదీసి, ఆ ప్రమాణానికే సరిపడే వేరేది బిగించవచ్చు. డిమ్మింగ్ పద్ధతి, అంటే వెలుతురు తగ్గించమని దీపానికి చెప్పే తీరు, మాత్రం కలవాలి సుమా: అంకెల సందేశాలతో నడిచే డాలీయా, వోల్టేజీ మార్పుతో నడిచే 0-10 వోల్టులా అన్నది. కంట్రోలర్ దీపం లోపలే ఇమిడి ఉంటే ఖర్చు తప్పకపోవచ్చు.

సాకెట్ కలిసినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ కలవదు. వేర్వేరు కంపెనీల దీపాల నెట్‌వర్కులను ఒకే నిర్వహణ సాఫ్ట్‌వేర్‌కు కలపడానికే టాల్క్ ప్రమాణం పుట్టింది. ఆ ధ్రువీకరణ ఉన్న గేట్‌వే (దీపాల నెట్‌వర్కును సాఫ్ట్‌వేర్‌కు కలిపేది) ఇవ్వగలరా అని రెండు కంపెనీలనూ రాతపూర్వకంగా అడగండి. ‘సపోర్టు ఉందండీ’ అన్న నోటిమాట నమ్మకండి. ధ్రువపత్రం టాల్క్ ఏ వెర్షన్‌కు వచ్చిందో చూడండి.

మీ టెండరు పత్రంలో ఉందని మీరు చెప్పిన ఐఎస్ఓ 37120 ఇక్కడ అక్కరకు రాదు. 2014లో వచ్చిన ఆ ప్రమాణం నగర సేవలను కొలిచే సూచికల గురించి; టెండర్లలో బరువు కోసం తగిలిస్తుంటారు. దాని బదులు, రెండు కంపెనీల దీపాలనూ మీ తెర మీద నుంచే మసకబరిచి చూపించాకే చివరి బిల్లు చెల్లిస్తామన్న షరతు పెట్టండి.